విడుపు తల్లీ, రా

గ్రహణం పట్టేటప్పుడు ఒక స్నానం, విడిచేటప్పుడు ఒక స్నానం. ఏ నిమిషానికి పడుతుందో, ఏ నిమిషానికి విడుస్తుందో పంచాంగంలో ముందే ఉంటుంది. ఆవకాయ జాడీ మీద దర్భ వేసి, తలుపులు మూసుకుని కూర్చున్న ఇల్లాలికి దిగులుండదు. ఇంకో గంట, అంతే. విడుపు స్నానం చేసి, ఇల్లు కడిగి, పొయ్యి వెలిగించుకోవచ్చు.

మనిషికి పట్టే గ్రహణం ఒకటుంది. అంతా నావల్లే అనుకోవడం. అది పట్టిన వేళ మరిచిపోదామన్నా మరపుకు రాదు. ఫోను మోగిన గంట, డాక్టరు గదిలోంచి బయటికొచ్చిన గంట, చెయ్యి జారిన క్షణం. విడిచే వేళ మాత్రం ఏ సిద్ధాంతీ లెక్కకట్టలేదు. కొందరికి నెలలు, కొందరికి ఏళ్లు. కొందరు ఆ చీకటితోనే కాటికి వెళ్లిపోయారు.

ఆ గ్రహణం విడిపించే విడుపు తల్లీ, పోలేరమ్మకు గుడి ఉంది, గంగానమ్మకు వేపచెట్టు ఉంది. నీకు బొట్టు పెట్టిన రాయి కూడా లేదు. నీ జాతర ఏ నెలలోనో తెలీదు, నీకు పెట్టే నైవేద్యం ఏమిటో తెలీదు. దండకం కట్టడం నాకు రాదు. వచ్చిన వచనంలోనే పిలుస్తాను. రా.

ముందు దివిసీమకు రా.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై, నడుమ ఒక సీమను పెట్టుకుని సముద్రం దాకా నడుస్తుంది. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు. ఇంకా కిందికి పోతే సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి. ఎటు చూసినా చదునే. పరుగెత్తి ఎక్కుదామంటే గుట్ట లేదు, మిట్ట లేదు. తాడిచెట్టే ఎత్తు.

1977 నవంబరు 19, శనివారం. కార్తీకమాసం. చేలు కోతకొస్తున్నాయి. సముద్రంలో వాయుగుండం ఉందని రేడియో చెబుతూనే ఉంది. గుడిసెల్లో రేడియోలెన్ని? విన్నవాడు మాత్రం ఎక్కడికి పోవాలి? ఆ తీరాన ప్రతి ఏడూ ఏదో ఒక వాయుగుండం వస్తుంది, వాన కొడుతుంది, పోతుంది. బందరును ముంచి ముప్పై వేల మందిని తీసుకుపోయిన 1864 నాటి ఉప్పెనను కళ్లతో చూసినవాళ్లెవరూ అప్పటికి మిగల్లేదు. మొదట గాలి వచ్చింది, గంటకు 200 కిలోమీటర్లకు పైగా. కప్పులు లేచిపోయాయి. ఆ తర్వాత సముద్రమే లేచి వచ్చింది. ఐదు మీటర్ల ఎత్తు నీళ్లు, తీరం దాటి పది కిలోమీటర్లకు పైగా లోపలికి.

పోయినవాళ్లు సర్కారు లెక్కకే పదివేల దాకా. అక్కడి పెద్దవాళ్లు ఆ లెక్కను ఇప్పటికీ ఒప్పుకోరు.

తల్లీ, ఆ నీళ్లలో ఒక తల్లిని చూడు. ఆమెకు నేను పేరు పెట్టను, ఆమె ఒక్కతె కాదు గనక. చంకలో ఒక బిడ్డ, చేతికి ఇంకో బిడ్డ. చీరకొంగుతో ఒకరిని నడుముకు బిగించుకుంది. రెండో వాడి మణికట్టు పట్టుకుంది. నీళ్లు గుమ్మం దగ్గరున్నాయనుకునేలోపు గొంతు దగ్గరున్నాయి. దూలం వచ్చి తగిలింది. గొడ్డు వచ్చి తగిలింది. చీకటి. ఎవరిని పట్టుకోవాలో, ఎవరిని వదలాలో ఎంచుకునే వ్యవధి కూడా ఆ నీళ్లు ఇవ్వలేదు. తెల్లవారి ఆమె తుమ్మకంపకు చిక్కుకుని ఉంది, బతికి. చేతిలో చెయ్యి లేదు.

జారాడు అని చెప్పొచ్చు. నీళ్లు లాక్కుపోయాయి అని చెప్పొచ్చు. ఆమె అలా చెప్పదు. "నేనే వదిలేశానమ్మా" అంటుంది. ఇరవై ఏళ్లకూ అదే మాట, నలభై ఏళ్లకూ అదే మాట. పక్కింటామె నోట ఇంకోలా: "పుట్టింటికి పోదామని మా ఆయన అంటే నేనే వద్దన్నా." ఊరి చివర ముసలాయన నోట ఇంకోలా: "గేదెల్ని విప్పడానికి పోయా. ఆ కాసేపూ ఇంట్లో ఉండుంటేనా..."

ఆ తర్వాత దేశమంతా దివిసీమకు కదిలింది. బియ్యం వచ్చింది, బట్టలు వచ్చాయి, మందులు వచ్చాయి. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వీధుల్లోకొచ్చి విరాళాలు పోగుచేశారు. మదర్ థెరిసా వచ్చింది. కూలిన ఇళ్లకు బదులు కాలనీలు లేచాయి. నింద దించే శిబిరం మాత్రం ఎవరూ పెట్టలేదు. అలాంటిదొకటి కావాలని ఆ రోజుల్లో తోచలేదు కూడా.

మామూలు చావుకు మన దగ్గర ఒక పద్ధతుంది. పాడెను తీసుకెళ్తూ దారిలో దింపుడు కళ్లం దగ్గర ఆపుతారు. కిందికి దించి, చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. లేవడు. మోసేవాళ్లు భుజాలు మార్చుకుని మళ్లీ ఎత్తుతారు. ఆ పిలుపులో, ఆ లేవకపోవడంలో, మన చేతిలో ఇంకేం లేదని ఒళ్లు ఒప్పుకుంటుంది. దివిసీమలో పాడెలు ఎక్కడివి? గుర్తుపట్టలేని శవాల్ని కుప్పలుగా పోసి కాల్చారు. కొన్నిటికి ఆ కాల్పూ లేదు, సముద్రమే. చెవిలో పిలవాల్సిన పేరు పెదవి మీదే మిగిలిపోయింది. పిలవని పేరు తిరిగొచ్చి పిలవని మనిషి మెడకే చుట్టుకుంది.

అందుకే తల్లీ, ముందు ఆ చేతి దగ్గరికి రా.

ఆ చేతికి దండం. బిడ్డకు నలుగు పెట్టిన చెయ్యి. గోరుముద్దలు కలిపిన చెయ్యి. జ్వరం వస్తే నుదుటి మీద రాత్రంతా ఉన్న చెయ్యి. నాట్లు వేసి, వలలు అల్లి, పేడ ఎత్తి కాయలు కాసిన చెయ్యి. తన బతుకులో ఒక్కనాడూ బిడ్డను తానై వదలని చెయ్యి. ఒక ఘనమీటరు సముద్రపు నీరు టన్నుకు పైగా తూగుతుంది. అలాంటివి లెక్కలేనన్ని, గాలి వెనక నుంచి తోస్తుంటే, ఒక ఆడమనిషి ఐదు వేళ్ల మీదికి వచ్చాయి. కరెంటు స్తంభాలు ఆగలేదు, తారురోడ్లు ఆగలేదు, ఇటుక గోడలు ఆగలేదు. వేళ్లు ఆగాలా?

ఈ మాట ఓదార్పుకు అంటున్నానని అనుకోవద్దు. దీనికి సాక్ష్యం ఉంది.

1990 మే 9. మళ్లీ అదే తీరం, మళ్లీ కృష్ణ సముద్రంలో కలిసే చోటే. గాలి అంతకు తీసిపోనిది. ఈసారి చనిపోయినవాళ్లు వెయ్యి లోపు. పదమూడేళ్లలో దివిసీమ తల్లులకు వేళ్ల బలం పెరిగిందా? బిడ్డల మీద ప్రేమ పదింతలైందా? లేదు. ముందుగా హెచ్చరిక అందింది. పోలీసులు, రెవెన్యూవాళ్లు, ఊరి కుర్రాళ్లు గుడిసె గుడిసెకూ వచ్చి లేపారు. లక్షల మందిని బళ్లెక్కించి తీసుకుపోయారు. తలదాచుకోవడానికి తుఫాను షెల్టర్లు ఉన్నాయి. 1977లో ఆ చెయ్యి ఓడిపోలేదు. ఆ చేతికి అందాల్సినవి అందలేదు, అంతే. నింద ఒకటి ఉంటే అది వెళ్లాల్సిన ఇల్లు వేరు. లేని రోడ్డు దగ్గరికి, లేని షెల్టరు దగ్గరికి, పేదవాడికి సముద్రం అంచునే జాగా మిగిల్చిన మన లెక్కల దగ్గరికి. అడ్రసు తప్పి తల్లి గుమ్మంలో వాలింది.

విడుపు తల్లీ, నీకంటే ముందు ఆ ఇంట్లో చేరి కూర్చునే ఇంకొకామె ఉంది. ఆమె పేరు అప్పుడే. అప్పుడే లేచుంటే. అప్పుడే బయల్దేరుంటే. అప్పుడే ఆస్పత్రికి పోయుంటే. ఆమెకు అన్నీ తెలుసు, ఎందుకంటే అన్నీ అయిపోయాక వచ్చింది. 1975లో బరూక్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొంతమందికి ఒక పాత యుద్ధం కథ చదివించాడు. నేపాల్లో బ్రిటిష్‌వాళ్లకూ గూర్ఖాలకూ జరిగిన పోరు. కొందరికి చివర ఏమైందో చెప్పాడు, కొందరికి చెప్పలేదు. ఆ పైన, ఫలితం తెలియదనుకుని, ఏది జరిగే వీలు ఎంతో అంచనా కట్టమన్నాడు. చివర విన్నవాళ్లకు ఆ చివరే మొదటినుంచీ కనబడుతున్నట్టు తోచింది. తమకు అలా తోచడానికి కారణం చివర వినడమేనని వాళ్లకు తెలియనే లేదు. ఎప్పుడో ముగిసిన గూర్ఖాల యుద్ధంలోనే మనసు ఇంత మోసం చేస్తే, కన్నబిడ్డ విషయంలో ఎంత చేస్తుంది! ఆ శనివారం మధ్యాహ్నం ఆ తల్లికి తెలిసింది వాన ఒక్కటే. ఉప్పెన సంగతి ఆదివారం ఆమెకు తెలిసింది. ఆదివారం తెలివితో శనివారం మనిషికి శిక్ష వేస్తోంది, ఇన్నేళ్లుగా.

మరి ఎందుకు వదలదు? తల్లీ, ఇక్కడే నీ పని కష్టం.

నింద మనిషిని కాలుస్తుంది, నిజమే. కాలుస్తూనే ఒక అభయం కూడా ఇస్తుంది. నావల్ల జరిగిందంటే నేను ఆపగలిగేదాన్నే అన్నమాట. నేను ఆపగలిగేదాన్నంటే ఈ లోకం నా చేతి పట్టులోనే ఉందన్నమాట. ఏ కారణమూ లేకుండా, ఏ నేరమూ లేకుండా, నీళ్లు వచ్చి పిల్లాణ్ని తీసుకుపోతాయని ఒప్పుకోవడం కంటే నేను పాపిష్టిదాన్ని అనుకోవడమే తేలిక. దిక్కులేనితనం కంటే దోషమే నయమనిపిస్తుంది. అందుకే ఎంతమంది వచ్చి "నీ తప్పేం లేదమ్మా" అన్నా, ఆ మాట చెవి దాటి లోపలికి పోదు. తప్పు లేదని ఒప్పుకుంటే, మిగిలిన బిడ్డలకు కాపలా ఎవరు? ఏ రోజు ఏది వచ్చి ఎవరిని తీసుకుపోతుందో?

ఇంకో కారణం ఉంది. అది ఇంకా లోతుది. పోయిన బిడ్డ ఫొటో లేదు, ఉప్పెనలో పోయింది. చొక్కా లేదు, పలక లేదు. మిగిలిందల్లా ఆ చెయ్యి జారిన క్షణం. దాన్ని రోజూ తీసి చూసుకుంటుంది. దాన్ని వదిలేస్తే వాణ్ని రెండోసారి వదిలేసినట్టేనని భయం. విడుపు తల్లీ, నువ్వు గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయిన ఇళ్లన్నిటా జరిగింది ఇదే. నిన్ను చూసి బిడ్డను మరిపించడానికి వచ్చిందేమోననుకున్నారు. నువ్వు తీసుకుపోయేది ఆ ఒక్క క్షణాన్నేనని, వాడు బతికిన నాలుగేళ్లను తిరిగిచ్చి పోతావని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. వాడి ముద్దుమాటలు, వాడి అల్లరి, ఇసుకలో వాడు కట్టిన పిచ్చుకగూళ్లు, అన్నీ ఆ క్షణం వెనకాలే ఉన్నాయి.

అందరూ నిందను తమంత తాము ఎత్తుకోరు. కొందరికి ఎత్తుతారు. మన వాడకట్టు ఈ పనిలో ఆరితేరింది. మొగుడు పోతే నష్టజాతకురాలు. బిడ్డ పోతే పాలిచ్చేటప్పుడు చూసుకోలేదు. కడుపు నిలవకపోతే మొదలయ్యే విచారణకు అంతే లేదు. ఏం తిన్నావ్? బొప్పాయి ముక్కేమైనా? బిందె ఎత్తావా? ఆటోలో తిరిగావా? మేడ మెట్లెక్కావా? ఆ పిల్ల ఇంకా ఒంట్లో రక్తం ఆగక పక్కమీదే ఉంటుంది. ఒక్కో ప్రశ్నకూ తనలో తాను వెనక్కి నడిచి, ఒక్కో మెట్టునూ తడిమి చూసుకుంటుంది. తెలిసిన గర్భాలలోనే పదింటికి ఒకటో రెండో నిలవవని, మొదటి మూడు నెలల్లో పోయేవాటిలో దాదాపు సగం క్రోమోజోములు సరిగా కుదరకపోవడం వల్లేనని, ఆ లెక్క కడుపు పడిన పూటే తేలిపోయిందని, రోజువారీ ఇంటిపనికీ ఆటో కుదుపుకూ అందులో వాటా లేదని డాక్టరు చెప్పే ఉంటుంది. కానీ డాక్టరు మాట ఐదు నిమిషాలు. అత్తగారి మౌనం ఆరు నెలలు.

పెదవి చీలి పుట్టిన బిడ్డ సంగతి మరీ దారుణం. గ్రహణం మొర్రి అన్నారు, తల్లి గ్రహణం వేళ బయటికొచ్చిందన్నారు. పై పెదవి అతుక్కునేది గర్భం మొదటి రెండు నెలల్లోపు, చాలామందికి తాము గర్భవతులమని తెలిసీ తెలియని రోజుల్లో. చందమామకు అందులో ఏ పాత్రా లేదు. ఆపరేషను చేసి ఆ పెదవిని చక్కగా కలుపుతున్నారు ఇవాళ. తల్లి మనసుకు పడిన చీలిక అలాగే ఉంటోంది.

ఆ ఇళ్లకు రా తల్లీ. నీళ్లు తోడి ఆ పిల్లకు విడుపు స్నానం నువ్వే చేయించు.

అలాగే ఒక ఊరికి కాదు, అన్ని ఊళ్లకూ రావాల్సిన పని ఇంకొకటి మిగిలింది. 2021 ఏప్రిల్, మే నెలలు, కరోనా రెండో అల. ఆక్సిజన్ పడక కోసం తండ్రిని కారులో పడుకోబెట్టుకుని ఊరంతా తిప్పిన కొడుకులున్నారు. బజారుకు వెళ్లొచ్చి ఇంటికి జబ్బు తెచ్చానని నమ్మే కోడళ్లున్నారు. రెమ్‌డెసివిర్ దొరికి ఉంటే నాన్న బతికేవాడని, ఇంకో పాతికవేలు పోసి కొనలేకపోయానని, తన జేబునే తిట్టుకునే ఉద్యోగులున్నారు. ఆస్పత్రిలో చేరినవాళ్ల చావుల్ని ఆ మందు పెద్దగా తగ్గించడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపిన పెద్ద ప్రయోగంలో 2020 చివరికే తేలింది. ఆ సంగతి వాళ్లకు అప్పుడు చెప్పినవాళ్లు లేరు. ఇప్పుడైనా చెప్పాలి. విమానాలు ఆగిపోయి, డాలస్‌లోనో సిడ్నీలోనో అర్ధరాత్రి ఫోను తెరలో అమ్మ అంత్యక్రియలు చూసిన కూతుళ్లు ఉన్నారు. వాళ్లు వెళ్లనందుకు కాదు, అసలు ఆ దేశం వచ్చినందుకే తమను నిందించుకుంటారు. చదివించి, అప్పుచేసి, సాగనంపి, విమానాశ్రయంలో చెయ్యి ఊపింది ఆ అమ్మే కదా. కూతురు అంత దూరం వెళ్లడమే ఆమె గెలుపు. దాన్ని నేరంగా మార్చే హక్కు కూతురికైనా లేదు.

అన్ని నిందలూ అబద్ధాలని నేననను. ఇది చెప్పకపోతే ఈ కీర్తన దొంగ కీర్తన అవుతుంది. తాగి బండి నడిపి మనిషిని చంపినవాడు ఉన్నాడు. పెళ్లాన్ని కొట్టి కొట్టి బావి దాకా నడిపించినవాడు ఉన్నాడు. చీకట్లో కుండ మునుగుతున్న చప్పుడు విని, ఏనుగు అనుకుని బాణం వేసిన దశరథుడు కూడా, తన బాణమేనని ఒప్పుకుని, నీళ్ల కుండ ఎత్తుకుని ఆ ముసలి తల్లిదండ్రుల దగ్గరికి తన కాళ్లతో నడిచి వెళ్లాల్సి వచ్చింది. అలాంటివాళ్ల దారి పొడుగు. ఒప్పుకోవాలి, అనుభవించాలి, చేతనైనంత సరిదిద్దాలి. విడుపు వాళ్లకు దారి చివర ఉంటుంది, మొదట కాదు. నేను పిలుస్తున్నది వాళ్ల కోసం కాదు. విచిత్రమేమిటంటే, అలాంటివాళ్లలో చాలామంది హాయిగానే నిద్రపోతారు. చెయ్యని నేరానికి మేలుకుని ఉండేవాళ్ల కోసమే ఈ పిలుపు.

ధర్మరాజు ఈ రెంటికీ నడుమ నిలబడ్డాడు. గెలిచాడు, గంగ ఒడ్డున తర్పణాలు వదులుతున్నాడు. అప్పుడు కుంతి చెప్పింది, కర్ణుడు నీ అన్న అని. ఆయన కుప్పకూలిపోయాడు. రాజ్యం వద్దన్నాడు, అడవికి పోతానన్నాడు. ఆ దుఃఖంలో ఆడవాళ్ల కడుపులో రహస్యం దాగకూడదని శాపం కూడా పెట్టాడు. తనమీద తాను మోపుకున్నది మోయలేనివాడు పక్కవాళ్ల మీదికి విసురుతాడు, ఎంత ధర్మరాజైనా. తమ్ముళ్లు చెప్పారు, ద్రౌపది చెప్పింది, వ్యాసుడు చెప్పాడు, కృష్ణుడు చెప్పాడు. చివరికి అంపశయ్య మీది తాత దగ్గరికి తీసుకెళ్లారు. యుద్ధం పద్దెనిమిది రోజుల్లో ముగిసింది. ఆ తర్వాత ఆయన మనసు కుదుటపరచడానికి నడిచిన శాంతిపర్వం వ్యాసభారతంలోని పద్దెనిమిది పర్వాల్లోనూ పెద్దది. చంపడం కంటే తేరుకోవడానికే ఎక్కువ పడుతుందని వ్యాసుడికి తెలుసు. తిక్కన కూడా దాన్ని విడిచిపెట్టకుండా మనకు తెలుగులో అందించాడు. కాబట్టి విడుపు తల్లీ, నువ్వు ఆలస్యంగా వస్తావని నీమీద కోపం లేదు.

మళ్లీ దివిసీమకే వస్తాను. కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవికి ఒక స్థలపురాణం ఉంది. లోకమంతా వచ్చి గంగలో మునిగి పాపాలు కడుక్కుంది. కడిగినవన్నీ ఎక్కడికి పోతాయి? గంగకే అంటాయి. చెయ్యని పాపాలతో గంగ నల్లబడిపోయింది. విష్ణువు దగ్గరికి వెళ్లి మొరపెట్టుకుంది. కాకి రూపంలో తీర్థతీర్థానా మునుగుతూ వెళ్లు, ఏ నీళ్లలో నువ్వు హంసవవుతావో అక్కడ నీ భారం తీరినట్టు అన్నాడాయన. తిరిగి తిరిగి ఈ కృష్ణా సంగమంలో మునిగి లేచేసరికి హంస అయింది. మాఘ పౌర్ణమికి ఇప్పటికీ జనం వచ్చి అక్కడ మునుగుతారు. వేణుగోపాలస్వామి గుడిలో దీపం పెడతారు.

ఎంతోమంది బిడ్డలు పోయిన నీళ్లు అవే. గంగకు భారం దిగిన నీళ్లూ అవే. ఆ కథ కట్టినవాడెవరో గాని, వాడికి దండం పెట్టాలనిపిస్తుంది. తనవి కాని పాపాలు నెత్తినెత్తుకున్న ఆడదాని కథ అది. ఆమెను పాపిష్టిదని ఆ కథ ఎక్కడా అనలేదు. నువ్వు తప్పు చెయ్యలేదు గదా, ఇంకెందుకు బాధ అని కూడా అనలేదు. బరువు నిజమేనని ఒప్పుకుంది. దించే చోటు ఉందని చెప్పింది. ఒక్క మునకలో దిగదని, తీర్థం తర్వాత తీర్థం తిరగాలని కూడా దాచకుండా చెప్పింది.

విడుపు తల్లీ, నువ్వు వచ్చే తీరు అదే కాబోలు. ఒకనాడు వచ్చి ఉండిపోవు. మొదట ఒక పూట వస్తావు. ఆ పూట ఆ తల్లి అన్నం రుచి తెలిసి తింటుంది, తిన్నందుకు ఏడుస్తుంది. మళ్లీ నెలకు వస్తావు. ఎవరి పెళ్లిలోనో ఆమె నవ్వుతుంది, నవ్వినందుకు నోరు మూసుకుంటుంది. నవంబరు వస్తే నువ్వు పోతావు, గాలి చప్పుడుకు పాత గ్రహణం పడుతుంది. డిసెంబరుకు తిరిగొస్తావు. మనవడు పుడితే వాడి మణికట్టు పట్టుకోవడానికి భయపడే చేతిని నువ్వే తీసుకెళ్లి పట్టిస్తావు. ఆమె "నేనే వదిలేశా" అనే మాట ఒక్కరోజు మారుతుంది. ఒక్క మాటే. "నీళ్లు లాక్కుపోయాయమ్మా" అంటుంది. అది విన్నవాళ్లు ఆ తేడాను పట్టించుకోరు. ఆ ఒక్క మాట మారడానికి నలభై ఏళ్లు పట్టిందని నీకు తెలుసు.

పిలిచినప్పుడల్లా రావు. మనిషి చెయ్యి పట్టుకుని వస్తావు. ఎవరో ఒకరు పక్కన కూర్చుని, మొత్తం కథ మొదటినుంచీ విని, ఎక్కడా ఉలిక్కిపడకుండా ఉంటే, వాళ్ల వెనకాలే వస్తావు. అలాంటి మనిషి ఇంట్లో దొరకనివాళ్లు ఇవాళ 14416కు ఫోను చేయొచ్చు. అది టెలిమానస్, కేంద్రప్రభుత్వం 2022లో పెట్టిన ఉచిత సేవ, తెలుగులోనూ మాట్లాడతారు. అర్ధరాత్రి బతకాలనిపించనివాళ్లు ముఖ్యంగా చెయ్యాలి. దివిసీమలో ఆ రోజు లేనిది ఇది.

ఇక చదువుతున్న మీకు ఒక మనవి. చావు ఇంటికి పరామర్శకు వెళ్తూనే ఉంటాం. ఈసారి వెళ్లినప్పుడు ఎలా జరిగిందని అడక్కండి. ఎన్నింటికి చూశారు, ఏ ఆస్పత్రి, ముందే ఎందుకు తీసుకెళ్లలేదు అని అసలే అడక్కండి. ఆ ప్రశ్నలన్నీ ఆ ఇంటివాళ్లు మీకంటే ముందు వెయ్యిసార్లు వేసుకునే ఉంటారు. ఏమైనా తిన్నారా అని అడగండి. పోయినవాళ్లను పేరుపెట్టి తలుచుకోండి, వాళ్లు బతికుండగా చేసిన పని ఒకటి మీకు గుర్తున్నది చెప్పండి. వాళ్లంతట వాళ్లు ఆ రోజు సంగతి ఎత్తితే, చివరిదాకా వినండి. మధ్యలో నోరు తెరవకండి.